పిప్పరమెంటు కరిగేంత సేపు

మా వదిన వెల్డాకి గడియారం మీద నమ్మకం ఎక్కువ, మా అన్నయ్య ఆర్విల్ మీద తక్కువ. నలభై ఆరేళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని మెచ్చుకోగా నేను విన్నది రెండేసార్లు, ఆ రెండుసార్లూ ఆయన ఎదురుగా లేడు. ఇలా చెబితే గయ్యాళి అనుకుంటారేమో. కాదు. నాకు పెళ్లి కాలేదని ఊరంతా జాలిపడుతున్న రోజుల్లో, ప్రతి ఆదివారం భోజనానికి పిలిచి, "నీకేమే, మహారాణివి. ఒకడి సాక్సులు ఏరే ఖర్మ లేదు" అన్న మనిషి ఆవిడొక్కతే.

మా కెంటకీ పల్లెల్లో క్రిస్మస్ భోజనం అంటే హామే. జనవరిలో పంది తొడకి ఉప్పు పట్టించి, పొగగదిలో వేలాడదీసి, ఏడాది చివర్లో దించుతాం. మా అన్నయ్య ఏటా డజను చేసేవాడు. పోయిన జనవరిలో ఒంట్లో ఓపిక లేక ఒక్కటే చేశాడు. మార్చిలో పోయాడు. మేలో ఆవుల్ని అమ్మేశాం. పొగగదిలో ఆ ఒక్క తొడ మాత్రం సంచిలో వేలాడుతూ ఉండిపోయింది. వదిన రోజూ వెళ్లి తలుపు తీసి చూసి వచ్చేది. ఎందుకని అడిగితే ఎలుకలు పడతాయనేది. ఆ గదిలో ఎలుక దూరిన రోజు నాకు తెలిసి లేదు.

డిసెంబరు ఇరవై రెండున దాన్ని దించింది. పైన పట్టిన బూజుని బ్రష్షుతో తోమి, ఎముక పక్కన సన్నటి ఇనప చువ్వ గుచ్చి, బయటికి లాగి వాసన చూసింది. నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. ఎక్కడా చెడలేదు. రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టింది. ఇరవై నాలుగు పొద్దున దాన్ని పందికొవ్వు నిలవచేసే పెద్ద రేకుడబ్బాలో పెట్టి, మునిగేలా నీళ్లు పోసి, వెనక వరండాలో గ్యాసు పొయ్యి మీదికెక్కించాం. కాసేపు బాగా తెర్లించి, పొయ్యి ఆపి, మూత బిగించి, కాగితాలూ బొంతలూ చుట్టేస్తే, మర్నాటి పొద్దుటికల్లా తన వేడికి తనే ఉడుకుతుంది. మా తాతల నాటి నుంచీ చేసేది ఇంతే.

అంతా అమర్చాక వదిన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"ఏమే ఓపల్, ఎంతసేపు తెర్లించేవాడు మీ అన్న?"

"నన్నడుగుతావేంటి వదినా? కాపురం చేసింది నువ్వు."

"పైన పూసే తీపి పాకం పని నాది, డబ్బా పని ఆయనది. నన్ను దగ్గరికి రానిస్తేగా! నీళ్లు తెర్లగానే ఆవులకి మేత వేసొస్తానని పోయేవాడు. వచ్చి పొయ్యి ఆపేవాడు. అదే ఆయన లెక్క."

తక్కువ తెర్లితే ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోతుంది. ఎక్కువ తెర్లితే పీచుపీచుగా ఊడిపోతుంది, పైన పాకం నిలవదు. పాడైతే ఇంకోటి చేసిపెట్టడానికి మనిషి లేడు.

ముందురోజే పడూకా నుంచి వచ్చిన వదిన కూతురు రమోనా ఫోన్లో వెతికింది. "ఒకరు ఇరవై నిమిషాలంటున్నారమ్మా, ఇంకొకరు గంటంటున్నారు."

"ఆ ఫోను మీ నాన్న హామ్ ఎప్పుడన్నా తిందా?" అంటూ వదిన మేకుకున్న ఆయన పాత కోటు తీసి తొడుక్కుంది. "అదిగో, తెర్లుతోంది. నువ్విక్కడ పొయ్యి చూస్తుండు. ఓపల్, పద. మేత వేసొద్దాం."

"ఎవరికి?"

"నోర్మూసుకుని నడువ్."

నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో చెయ్యి పట్టి ఆపింది. "మెల్లిగా నడవ్వే. ఆయనకి మోకాలి నొప్పి." నాకూ డెబ్బై దగ్గరపడుతున్నాయి. నా మోకాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు. గేటు గడియ తీసి, లోపలికెళ్లి, మళ్లీ వేసింది. కొట్టంలో మిగిలిపోయిన గడ్డిమోపులు రెండు విప్పి ఖాళీ గాడిలో పరిచాం. నీళ్లతొట్టిలో గడ్డకట్టిన మంచుని ఆవిడే గొడ్డలితో పగలగొట్టింది. లేని ఆవులకి ఇద్దరు ముసలమ్మలు ఇంత మర్యాద చేస్తున్నారని నాకు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

వదిన గడియారం చూసుకుంది. "ఇరవై నిమిషాలేనా? ఆయనకి ఇంకా పట్టేదే. నేను పాకం కలిపి, గిన్నెలు తోమి, బల్ల తుడిచేదాకా వచ్చేవాడు కాదు. ఈ కాస్త పనికి అంతసేపేంటని ఎప్పుడూ తిట్టేదాన్ని."

ఆ సంగతి కొట్టం వెనక తేలింది. గాలి తగలని మూలలో బోర్లించిన బకెట్టు ఒకటి ఉంది. పక్కన గోడసందులో కాఫీ డబ్బా. వదిన మూత తీసింది. ఎర్రగీతల పిప్పరమెంటు బిళ్లలు, ఏడు. కింద మట్టిలో వాటి కాగితాలు, ఎన్నేళ్లవో.

ఆయనకి చక్కెర జబ్బు. తీపి వస్తువన్నది ఆయన కంట పడకుండా పదేళ్లు కాపలా కాసింది వదిన. హామ్ మీద పాకం కూడా గీకేసి పెట్టేది. రోజుకో బిళ్ల తింటే ఏమీ కాదని డాక్టరే చెప్పినా ఒప్పుకోలేదు.

"దొంగ మొహమా!" అంది.

ఆ బకెట్టు మీదే కూర్చుంది. ఒక బిళ్ల విప్పి నోట్లో వేసుకుంది. నేనూ చెయ్యి చాపాను. "నీకు లేదు" అంది.

కొరకలేదు, చప్పరిస్తూ కూర్చుంది. అక్కడి నుంచి వదిన వంటింటి కిటికీ తిన్నగా కనిపిస్తోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "ఇక్కడ కూర్చుని నన్ను చూస్తూ ఉండేవాడన్నమాట. నేనేమో లోపల సణుగుతూ ఉండేదాన్ని. ఇంతసేపు ఏం చేస్తున్నాడోనని ఒక్కనాడన్నా వచ్చి చూడలేదే ఓపల్."

నాకూ ఏడుపొచ్చింది. పోయిన అన్న కోసం కాదు, ఆవిడ కోసం.

బిళ్ల పూర్తిగా కరిగాక లేచింది. ఈసారి గడియారం చూసుకోలేదు. ఇంటికెళ్లి పొయ్యి ఆపి, డబ్బాకి కాగితాలూ బొంతలూ చుట్టాం. అన్నిటి మీదా ఆయన కోటు కప్పింది.

పండగ పొద్దున విప్పి, తోలు తీసి, కొవ్వు మీద అడ్డగీతలు గీసి, గడిగడికీ ఒక లవంగం గుచ్చింది. బ్రౌన్ షుగరు, ఆవాల ముద్ద, పీచ్ పండ్ల రసం కలిపిన పాకం పూసి, ఎర్రగా మెరిసేదాకా ఓవెన్‌లో ఉంచింది. బల్ల దగ్గర వదిన కత్తి ఎముకదాకా దించింది. ముక్క ఎర్రగా, చెమ్మగా, పాకం చెక్కు చెదరకుండా వచ్చింది.

రమోనా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "నాన్న హామేనమ్మా." కాసేపయ్యాక కాగితం, పెన్ను తెచ్చుకుంది. "ఎంతసేపు తెర్లించాలో చెప్పు, రాసుకుంటాను."

"ఆవులకి మేత వెయ్యి. కొట్టం వెనక కూర్చుని ఒక పిప్పరమెంటు తిను. వచ్చి పొయ్యి ఆపు."

రమోనా నవ్వబోయి ఆగింది. పెన్ను పక్కన పెట్టేసింది. "రాసుకుని మాత్రం ఏం చేస్తాంలే అమ్మా. ఇదే ఆఖరిది కదా."

వదిన పాకం మందంగా ఉన్న ముక్క కోసి, గీకకుండానే తన పళ్లెంలో వేసుకుంది.

"ఎవరన్నారే ఆఖరిదని? ఓపల్, జనవరిలో చలి ముదరగానే ఉప్పు పట్రా. డబ్బాలో ఇంకా ఆరు బిళ్లలున్నాయి."