ఐదో నంబరు బూట్లు

పోయిన నెల మా అమ్మాయి కాలేజీ వాళ్లతో మనాలీ వెళ్తానంటే కూకట్‌పల్లిలో ఒక బూట్ల షాపుకి తీసుకెళ్లాను. అట్టపెట్టె మూత తీయగానే కొత్త రబ్బరూ ఉన్నీ కలిసిన వాసన ముక్కుకి తగిలింది. అమ్మాయి ఒక జత తొడుక్కుని "ఇవి బిగుతుగా, వెచ్చగా ఉన్నాయమ్మా" అంది. "బిగుతైతే వెచ్చగా ఉండవే, రెండు జతల మేజోళ్లకి చోటుండాలి, లోపలి ఉన్ని పొర విడిగా ఊడి రావాలి, లేకపోతే ఆరదు" అని ఠక్కున చెప్పేశాను. షాపాయన నా వంక చూసి "మంచు దేశంలో ఉండొచ్చారా మేడం?" అన్నాడు. ఉన్నది ఒమాన్‌లో. చెప్తే నవ్వుతాడని ఊరుకున్నాను.

అక్కడ దార్సైట్ అనే పేటలో మా చిన్నప్పుడు చలికాలమంటే ఏసీలు ఆపేసి కిటికీలు తెరుచుకునే కాలం. ఎనభైలు వెళ్లిపోయి తొంభైలు మొదలవుతున్న రోజులు. కింద కార్లు ఆపే చోట చదునైన రాళ్లు ఏరి పేర్చి ఏడుపెంకులాట ఆడుతుంటే, మొదటి అంతస్తులో ఉండే ఒమానీ అవ్వ వేసిన సాంబ్రాణి పొగ మెట్ల మీదుగా మా దాకా దిగి వచ్చేది, పైనుంచి మా అమ్మ అరిసెలు వత్తుతున్న నేతి వాసన దానికి ఎదురొచ్చేది, ఆ అరిసెలకి బెల్లం కోసం నాన్న రూవి బజారులో మూడు కొట్లు తిరిగిన సంగతి మాకు పట్టేది కాదు. పెట్టెలోంచి తీసిన స్వెట్టర్లు కలరా ఉండల వాసన వేస్తున్నా, చెమటలు పడుతున్నా, చలికాలం కదా అని తొడుక్కుని తిరిగేవాళ్లం. శుక్రవారం తలంటు, కృష్ణుడి గుడి, చేతిలో వేడివేడి పొంగలి. ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర మల్లయ్య ఉండేవాడు.

మల్లయ్యది జగిత్యాల పక్కన పల్లె. నాన్న రుసైల్‌లో చేపలూ మాంసమూ గడ్డకట్టించి దాచే ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవారు. మల్లయ్యది అక్కడే ఫ్రీజర్ గదిలో పెట్టెలు మోసే పని. బయట తారు కరిగే ఎండలో కూడా ఆ గది లోపల మైనస్ ఇరవై. పనివాళ్లుండే క్యాంపులో తన రూమ్ వెనక, ఏసీ నీళ్లు కారే జానెడు చోటులో గోంగూర పెంచి, ప్రతి శుక్రవారం ఒక కట్ట తెచ్చేవాడు. "పుంటికూర తెచ్చిన్నమ్మా" అంటే, అమ్మ "గోంగూర అను, అప్పుడు తీసుకుంటా" అని ఏడిపించేది. కుర్చీ చూపించినా నేల మీదే కూర్చునేవాడు. మేమంత గట్టిగా చూపించలేదని ఇప్పుడనిపిస్తుంది. ఇంటినుంచి వచ్చిన ఉత్తరంలో కూతురి పాదం ఉండేది, నోటుపుస్తకం కాగితం మీద పెన్సిల్‌తో చుట్టూ గీసింది. గల్ఫ్‌లో ఉన్న నాన్నలు పిల్లలకి చెప్పులు కొనేది ఆ గీత పట్టుకునే. దాన్ని నా పాదం పక్కన పరిచి, "మా లచ్చిమి గిట్ల పెరిగింది బిడ్డా" అని మురిసిపోయేవాడు.

అప్పటిదాకా ఫ్రీజర్‌లో పనిచేసేవాళ్లకి వానాకాలం తొడుక్కునే మామూలు రబ్బరు బూట్లే ఇచ్చేవారు. వాళ్లకి వెచ్చటి బూట్లు కావాలని ఏడాదిపాటు మేనేజర్ వెంటపడి ఒప్పించింది మా నాన్నే. అది ఆయన గొప్పే, కాదనను. ఏదో చలిదేశం నుంచి కేటలాగు తెప్పించారు. అందులో ఒక తెల్లాయన గడ్డకట్టిన చెరువు మీద చిన్న స్టూలు వేసుకుని, మంచుకి బొక్క చేసి, గాలం వేసి కూర్చున్నాడు. ఆ బొమ్మ చూసి మల్లయ్య పడీపడీ నవ్వాడు. "గీనకేం పుట్టింది సార్, గడ్డ మీద కూసోని చాపలు పడుతుండు?" అన్నాడు. నాన్న మాత్రం ఆ తెల్లాయన కాళ్లే చూశారు. ఎనిమిది మంది పాదాలూ అట్టముక్కల మీద గీయించి తెచ్చి భోజనాల బల్ల మీద పరుచుకుని, స్కేలు పెట్టి కొలిచి, ఒక్కో సైజు పెంచి రాసుకున్నారు. "అన్నం తినే బల్ల మీద కాళ్లేమిటండీ!" అని అమ్మ గోల. నేను చెప్పులు విప్పి అన్నిట్లోనూ పాదం పెట్టి చూశాను. మల్లయ్యది అందరికంటే చిన్న పాదం. ఒక సైజు పెంచినా ఐదో నంబరే. పన్నెండేళ్ల నా పాదానికి అది ఇంచుమించు సరిపోయింది.

బూట్లు రావడమూ, ఆఫీసు కుటుంబాలన్నీ కలిసి జబల్ షమ్స్ కొండ మీదికి పిక్నిక్ వెళ్లడమూ ఒకే వారంలో పడ్డాయి. ఆ బూట్లు నాకు కావాలన్నాను. అన్నం మానేసి అడిగాను. నాన్న ఐదో నంబరు జత ఇంటికి తెచ్చి, "గురువారం, శుక్రవారం, అంతే. శనివారం మల్లయ్య డ్యూటీకి ఇచ్చెయ్యాలి" అన్నారు. మల్లయ్యని అడిగే తెచ్చారట. అడగడమంటే చెప్పడమే. "ఏస్కోనియ్యి సార్, బిడ్డనే గదా" అన్నాడట అతను.

కొండ కింద వాదీలో, ఎప్పుడూ ఎండిపోయి ఉండే వాగులో, ఆ రోజు నీళ్లు పారుతున్నాయి. మిగతా పిల్లలు జోళ్లు చేత్తో పట్టుకుని దాటారు. నా బూట్లలోకి నీళ్లు రావని చూపించడానికి నేను నడిమధ్య నుంచి నడిచాను, నీళ్లు పైనుంచి లోపలికి దిగాయి. శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ వాటిని బాల్కనీలో పెట్టింది. పొద్దున్నకి పైన తోలు ఆరిపోయింది. నేను చెయ్యి లోపల పెట్టి చూశాను. ఉన్ని నీళ్లోడుతోంది. "తడిశాయా?" అని నాన్న అడిగారు. తిడతారని భయపడి "లేదు" అన్నాను. ఆయన సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు.

ఆ శనివారం ఓడ సరుకు వచ్చింది. మల్లయ్య పొద్దున ఫ్రీజర్‌లోకి వెళ్తే మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. కాలు పెట్టగానే తడి తెలిసే ఉంటుంది. కానీ సార్ బిడ్డ వేసుకున్న బూట్లని సార్‌కి ఎలా చెప్తాడు? బయటికొచ్చి విప్పేసరికి ఉన్ని గట్టి పలకైపోయి ఉంది, కుడికాలి వేళ్లు తెల్లబడి చచ్చుబడ్డాయి. ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు.

నేను ఏడుస్తూ అమ్మకి చెప్పాను, అమ్మ నాన్నకి చెప్పింది. కంపెనీవాళ్లు ఎలా జరిగిందో ఆయన్నే రాసివ్వమన్నారు. "మన పిల్ల తడిపిందని రాస్తారా ఏమిటి? ఉద్యోగం ఉంటుందా?" అంది అమ్మ. పనివాడి అజాగ్రత్త అని రాశారు నాన్న. ఇచ్చిన బూట్లు తడుపుకుని, ఆరబెట్టకుండా వేసుకున్నాడని రాశారు. ఆ మాట పట్టుకుని కంపెనీ అతని వీసా రద్దు చేసింది.

వెళ్లే ముందు శుక్రవారం మల్లయ్య వచ్చాడు. కాలు మడవలేడు కాబట్టి ఆ రోజు మాత్రం కుర్చీలో కూర్చున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, "జబల్ మీద మస్తు సలి ఉండెనా బిడ్డా? నీ కాళ్లకేం కాలే గదా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అదే వెటకారమైతే నేనిన్నేళ్లు బాగానే నిద్రపోయేదాన్ని.

ఆ కంపెనీ ఇప్పుడు లేదంటారు. మేమున్న బిల్డింగు కొట్టేసి కొత్తది కట్టారట. ఉత్తరాల్లో పాదాలు గీసి పంపేవాళ్లెవరూ లేరు, ఫోన్లో సైజు చెప్తే సరిపోతుంది. మల్లయ్య ఊరి పేరు కూడా మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, లేదా గుర్తులేనట్టున్నాం. నాన్న మాతోనే ఉంటారు. షాపు నుంచి వచ్చిన రోజు మనవరాలి బూట్లు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవేం బూట్లు? రుసైల్‌లో నేనెంచిన బూట్లు చూడాల్సింది. ఎనిమిది మంది, ఒక్కడి నోటా కాలు నొప్పన్న మాట రాలేదు" అన్నారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"నిజమేనా అమ్మా?" అని మా అమ్మాయి నన్నడిగింది.

"నిజమే" అన్నాను.