డాష్‌బోర్డు కింద రేకు డబ్బీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఒప్పుకోవడం కంటే కరెంటు షాకు తినడమే సులువనిపించేది. తొంభైల మొదట్లో మాట. డిప్లొమా చేతికొచ్చి ఏడాది కాలేదు, భిలాయి పక్కన జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్ని. వారమంతా కళ్లలో, చెవుల్లో, ఆఖరికి అన్నంలో కూడా సిమెంటే. ఆదివారం కాస్త నడుం వాలుద్దామనుకుంటే వైశాలి నగర్ నుంచి మావయ్య కబురు. ఆయన స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర ముప్పయ్యేళ్లు చేసి రిటైరై, ఆ ఊపులో ఒక ముసలి కారు కొన్నాడు. (కొన్నది ఆయన, దాని కింద పడుకున్నది నేను.) హారన్ మోగడం లేదట. మర్నాడు మధ్యాహ్నం అత్తని దుర్గ్‌లో విజయనగరం బండెక్కించాలి. ఆవిడ తమ్ముడి పెళ్లి. పందిట్లో పెళ్లిరాట వేసే వేళకి ఆడపడుచు ఉండి తీరాలి. ఆరేళ్ల తరవాత పుట్టింటికి వెళ్తోంది పాపం.

హారన్ తీగ తెగినచోటు దొరికింది గాని, దాని పక్కనే అగ్గిపెట్టెంత రేకు డబ్బీ ఒకటి కనిపించింది. ఒక తీగ లోపలికి, ఒక తీగ బయటికి. మీద పేరూ లేదు, అంకే లేదు. "ఏటిరా అది?" అని తల దూర్చాడు మావయ్య. నిజానికి నాదీ అదే ప్రశ్న. "పాత రిలే మావయ్యా, ఊరికే ఉంది" అనేశాను. ఫ్యాక్టరీలో నేను నేర్చిన విద్య ఒక్కటే: మిషను ఆగకూడదు, అర్థం కానిదాన్ని డైరెక్ట్ చేసెయ్. డబ్బీ పీకి జేబులో వేసుకుని, రెండు తీగలూ కలిపి టేపు చుట్టాను. తెగిన తీగ అతికించగానే హారన్ మోగింది. "మావోడు ఇంజినీరు!" అని మావయ్య వీధంతా వినబడేలా అరిచాడు.

మర్నాడు సెలవు పెట్టి నేనూ బయల్దేరాను. రెండు కిలోమీటర్లు వెళ్లామో లేదో, ఇంజిను వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది. మావయ్య బ్రేకు తొక్కాడు. ఫర్నేసు మనిషి, సూది ఎర్రలో ఉంటే దేవుడు దిగొచ్చినా కదలడు. "ఇంజిను బాగానే ఉందేమో" అని గొణిగాను. "మీటర్ సెప్పింది ఇనాలిరా, ఇనకపోతే పేణాలు పోతాయి" అన్నాడు. బానెట్ ముట్టుకు చూద్దామంటే మే నెల. భిలాయిలో అప్పుడు ఇంటి గుమ్మం కూడా కాలుతుంది. రేడియేటర్ నిండుగానే ఉంది, నీళ్లు పోస్తే పోసినవి పోసినట్టే పొర్లిపోయాయి. అయినా పావుగంట చల్లార్చాం. మళ్లీ కిలోమీటరు, మళ్లీ ఎర్ర, మళ్లీ పావుగంట. డబ్బీ మీద నాకు అనుమానం మొదలైంది గాని, దాన్ని జేబులో ఇంకా లోపలికి తోశాను.

"నేను ఆటో ఎక్కెత్తాను, మీరు మెల్లగా రండి" అంది అత్త.

"సొంత కారెట్టుకుని ఆటోయా? పరువేటవుద్ది?" అన్నాడు మావయ్య. ఆయన పరువు ఆయనది, నా పరువు నాది. మధ్యలో అత్త చెంగుతో చెమట తుడుచుకుంటూ కూర్చుంది.

దుర్గ్‌లో ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి చివరి పెట్టె వెళ్లిపోతోంది. నీరసంగా బయటికొచ్చి, ఎదురుగా ఉన్న మెకానిక్‌ని పిలిచాం. అతను డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి, "ఇంజిన్ ఠీక్ హై భయ్యా. మీటర్ కా స్టెబిలైజర్ కిస్‌నే నికాలా?" అన్నాడు. ఇంజిను బాగానే ఉంది, మీటరు స్టెబిలైజర్ ఎవరు పీకారని. మీటర్లకి వెళ్లే కరెంటుని తగ్గించి పంపేది ఆ డబ్బీయేనట. అది లేకపోతే చల్లటి ఇంజిను కూడా సూదికి నిప్పులకుంపటేనట. నేను జేబులోంచి డబ్బీ తీసి ఇచ్చాను.

అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది. "తెలీదని ఓ ముక్క అనుంటే నేనీపాటికి బండిలో ఉండేదాన్ని కదరా" అంది, అంతే.

ఆవిడ మర్నాటి బండికి వెళ్లింది. రాట ఎవరో దూరపు వరస అమ్మాయి వేసిందట. ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. కుర్రాళ్లు ఏదైనా తీగ చూపించి అడిగితే, "తెలీదు, కనుక్కుందాం" అంటాను. ఈయనకేమీ రాదని చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాదించే ఓపిక లేదు. ఎప్పుడైనా అత్త ఆ పెళ్లి ఆల్బం తీస్తే మాత్రం, రాట వేసిన ఫోటో ఉన్న పేజీ రాగానే నా మొహంకేసి చూసి, గబుక్కున రెండు పేజీలు కలిపి తిప్పేస్తుంది. నేనూ చూడనట్టే నవ్వుతాను.