పెడలమ్మ పదమూడో ఎక్కం

ఆ వీధిలో కార్లు బాగుచేసే మేస్త్రి షెడ్డు ఎక్కడని ఎవరినైనా అడిగి చూడండి. "పెడలమ్మ ఉండే షెడ్డేనా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఈ మాట చెవిన పడితే మేస్త్రి మొహం ముడుచుకుంటుంది. షెడ్డు కట్టింది ఆయన, రేకులు వేయించింది ఆయన, ముప్పై ఏళ్ళుగా బండ్ల కింద పడుకుని వీపు అరగదీసుకుంది ఆయన. పేరు మాత్రం సీట్లో కూర్చున్న ఆవిడకి పోయింది. ఏం చేస్తాడు, వీధి నోటికి నట్టు బిగించలేడు కదా.

పెడలమ్మ ఆయన భార్యే. ఆ పేరు పెట్టింది ఎదురు దుకాణంలో ఇనుము చెక్కే లేత్ మిషన్ నడిపే ఆయన, వేళాకోళానికి. "పొద్దస్తమానం కార్లో కూర్చుంటావు, ఒక్క అడుగు కదలవు, ఏం భోగం తల్లీ నీది!" అనేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. భోగమో కాదో ఆవిడ పిక్కల్ని అడిగితే అవే చెబుతాయి.

బ్రేకు పని ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. పెడల్ తొక్కగానే బ్రేకు ఆయిల్, పెన్సిల్ కన్నా సన్నటి ఇనుప పైపుల్లోంచి చక్రాల దాకా తోసుకెళ్ళి బండిని ఆపుతుంది. పైపు విప్పి బిగించిన ప్రతిసారీ లోపల గాలి చేరుతుంది. అది పూర్తిగా పోయేదాకా ఒకరు సీట్లో కూర్చుని తొక్కుతుండాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర మర వదులు చేస్తూ, బిగిస్తూ ఉండాలి. పెళ్ళయిన కొత్తల్లో ఒకరోజు ఆ తొక్కే మనిషి పనికి రాలేదు. "కాస్త ఇలా వచ్చి కూర్చో, పది నిమిషాలు" అన్నాడు మేస్త్రి. ఆ పది నిమిషాలు ఇరవై రెండేళ్ళయ్యాయి.

తొక్కు, పట్టు, వదులు, దిగు. కింద నుంచి ఆయనవి ఈ నాలుగు మాటలు. పైనుంచి ఆవిడది ఒక్కటే, "దిగనా?" అని. షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని, వచ్చేపోయే బండ్లకి వంకలు పెడుతూ కూర్చునే అత్తగారు మాత్రం, "నా కొడుకూ కోడలూ ఈ ఐదు మాటలతోనే కాపురం నెట్టుకొచ్చేశారు" అని చెప్పుకుని మురిసిపోతుంటుంది. ఆవిడ ఎవరిని మెచ్చుకుంటోందో, ఎవరిని దెప్పుతోందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

అన్నిటికన్నా కష్టమైంది "పట్టు". గాలి పోయాక పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి కదలకుండా ఉంచాలి, మేస్త్రి బండి చుట్టూ పాకి ఒక్కో మరనీ వేలితో తడిమి చెమ్మ లేదని తేల్చుకునేదాకా. మొదట్లో ఆవిడకి ఎంతసేపు పట్టాలో తెలిసేది కాదు. తొందరగా వదిలితే తిట్లు. అందుకని ఒకసారి నోట్లో నోట్లో ఎక్కం చదవడం మొదలుపెట్టింది. ఆవిడ చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. అప్పటిదాకా నేర్చిన ఎక్కాల్లో పదమూడోది బాగా పీడించిన ఎక్కం, దాన్ని మింగడానికి రెండు నెలలు పట్టింది. అంత కష్టపడి నేర్చుకున్నది ఊరికే పోనివ్వడం ఎందుకని అదే చదివేది. నిదానంగా చదివితే పని పూర్తయ్యే వేళకి నూట ముప్పై దగ్గరికి వచ్చేది. ఇక అదే షెడ్డు గడియారం అయింది.

అలా చదువుతూ చదువుతూ ఉండగా ఆవిడ కాలికి జ్ఞానం వచ్చింది. నేను ఎగతాళికి అనడం లేదు. గాలి ఉన్న పెడల్ దూది మీద అడుగేసినట్టు పోతుంది. ఆయిల్‌ని తోసే సిలిండర్లో రబ్బరు వాషర్ పాడైతే ఒకే తీరున, మెల్లగా మునుగుతుంది. పైపు ఎక్కడైనా చెమరుస్తుంటే నిలబడి, వెంట్రుకవాసి వదిలి, మళ్ళీ నిలబడుతుంది. ఈ తేడాలు పుస్తకంలో ఉన్నాయో లేదో ఆవిడకి తెలీదు. మేస్త్రికి చేతులతో తెలిసినవన్నీ ఆవిడకి అరికాలితో తెలుసు. కొన్ని ఆయనకన్నా ముందే తెలిసేవి, కానీ ఆ మాట ఆయనతో అనేంత అమాయకురాలు కాదు.

ఒక్కసారి అంది. ఆరేళ్ళ కిందట, ఒక పెరుగు రంగు కారు. ఎక్కం సగంలో పెడల్ వదిలినట్టు తోచి, "ఏవండీ, ఇందులో ఏదో ఉంది" అంది. "నీకు అనుమానం జబ్బు. దిగు" అన్నాడు మేస్త్రి. దిగింది. మూడో రోజు మార్కెట్ మలుపులో ఆ కారు ఆగక గోడకి గుద్దుకుంది. పైపుని పట్టి ఉంచే క్లిప్పు కింద తడిమట్టి చేరి పైపు తుప్పు తినేసింది. నడిపే ఆయన చెయ్యి రెండు చోట్ల విరిగింది. "పాత బండి, తుప్పు, మన చేతుల్లో ఏముంది" అని మేస్త్రి నిట్టూర్చాడు. ఆవిడ మాత్రం, ఇంకోసారి కాలు వద్దంటే సీటు దిగేది లేదని తనకి తాను మాటిచ్చుకుంది.

ఆ మాటకి పరీక్ష లెక్కల మేడం కారుతో వచ్చింది. కొండ మీద బళ్ళో లెక్కలు చెప్పే మేడం ఆవిడ. వాళ్ళ నాన్న కొన్న కారు, ఇరవై ఎనిమిదేళ్ళది. రోజూ తోటి టీచర్లు నలుగురిని ఎక్కించుకుని కొండెక్కి, సాయంత్రం అదే వంకర్ల దారిలో దిగుతుంది. ఆ కాలం బండి కాబట్టి నాలుగు చక్రాలకీ కలిపి ఆయిల్ దారి ఒకటే. ఎక్కడ చిల్లు పడినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. ముందు చక్రాల పైపులు రెండూ తుప్పు పట్టాయని మేస్త్రి కొత్తవి వేశాడు, సిలిండర్లో వాషర్లు మార్చాడు, వెనక్కి పోయే పైపుని కంటికి కనిపించినంత మేరా గుడ్డతో తుడిచి చూశాడు. పెట్రోలు ట్యాంకు మీదుగా పోయే జానెడు ముక్క మాత్రం ట్యాంకు దింపితే తప్ప కనిపించదు. "నాలుగింటికి బండి మీది" అని మేడంకి మాటిచ్చాడు. మాటంటే మాటే, ఆయన పరువంతా అందులోనే ఉంది.

మూడున్నరకి పెడలమ్మ సీట్లో ఉంది. మేడం చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అత్తగారి పక్కన కూర్చుంది.

"పట్టు!" అని కింద నుంచి వినిపించింది.

పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. పెడల్ రాయిలా ఉంది. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది. పదమూడు ఏడులు... ఆవిడ ఆగింది. వెంట్రుకవాసి. అంతే. మళ్ళీ నిలబడింది.

"దిగు" అన్నాడు మేస్త్రి, కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ.

"దిగనండీ. పెడల్ వదులుతోంది."

"కొత్త వాషర్లు. రెండ్రోజుల్లో సర్దుకుంటాయి."

"వాషరైతే ఒకే తీరున మునుగుతుంది. ఇది ఆగి ఆగి వదులుతోంది. ఎక్కడో పైపు చెమరుస్తోంది."

"ఎక్కడ, చూపించు! ప్రతి మరా తడిమాను, పొడిగా ఉన్నాయి."

"మీ చెయ్యి పెట్టడానికి వీల్లేని చోట. ట్యాంకు మీద."

మేస్త్రి ఒక్కసారిగా ఒంటికాలి మీద లేచాడు. "ట్యాంకు దింపాలంటే రేపటిదాకా పడుతుంది. మేడంకి మాటిచ్చానా లేదా?"

మేడం కూడా లేచి వచ్చింది. "ఏమ్మా, ఎక్కం చదివితే బ్రేకు సంగతి తెలుస్తుందా? ఇరవై ఏళ్ళ నుంచి ఎక్కాలు చెబుతున్నాను, ఇది ఏ తరగతిలో ఉందో నాకే తెలీదు" అంది. గొంతులో ఎగతాళి కన్నా విసుగే ఎక్కువ. లేత్ ఆయన మిషన్ ఆపేసి రోడ్డు దాటి వచ్చి నిలబడ్డాడు. వినోదం అంటే చాలు, ఆయన కాలు దుకాణంలో నిలవదు.

మేస్త్రి కారు కిటికీ దగ్గరికి వంగి, పళ్ళ బిగువున అన్నాడు. "నలుగురిలో పరువు తీయకు. దిగు."

ఆవిడ స్టీరింగు వదల్లేదు. "పెరుగు రంగు కారప్పుడు దిగానండీ" అంది.

మేస్త్రి కిటికీ మీంచి చెయ్యి తీసేశాడు. ఆరేళ్ళుగా ఆ కారు ఊసు ఇద్దరి మధ్యా రాలేదు. మర్చిపోయిందనుకున్నాడో, మర్చిపోవాలనుకున్నాడో.

"మేడం, కాస్త వెనక్కి జరగండి" అంది ఆవిడ. "పగిలేదైతే ఇక్కడే పగలాలి." సీటుకి వీపు ఆనించి, రెండు కాళ్ళూ ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ తొక్కింది. ఏమీ కాలేదు. లేత్ ఆయన పెదాలు బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఇప్పుడు గనక పైపు నిలబడితే ఇరవై రెండేళ్ళ కాలు గంగపాలు, ఇక జీవితంలో ఎవరూ ఆవిడ మాట వినరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అయినా మూడోసారి కాళ్ళెత్తింది.

టప్పుమంది. పెడల్ అడుగుకి పడిపోయింది, ఆవిడ మోకాలు వెళ్ళి స్టీరింగు కింద ఠంగున కొట్టుకుంది. ట్యాంకు పైనుంచి రెండు పక్కలా ఆయిల్ ధారకట్టి, గచ్చు మీద పాకి, అత్తగారి స్టూలు దాకా వచ్చింది.

ముందు తేరుకున్నది అత్తగారే. కాళ్ళు పైకి ఎత్తిపెట్టుకుని కొడుకు వంక చూసింది. "ఏరా, ఇప్పుడు చెప్పు దిగమని!"

మేడం వెళ్ళి పాత టైర్ల మీద కూలబడింది. "రేపు పొద్దున నాతో నలుగురు ఎక్కేవాళ్ళు" అని చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి లేచి వెళ్ళి, కార్లోనే కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న పెడలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "పదమూడో ఎక్కం ఇంత బాగా నేర్చుకున్నవాళ్ళని నేను చూడలేదమ్మా" అంది. పెడలమ్మకి కళ్ళు చెమర్చాయి. ఎనిమిదో తరగతి దాటని మనిషికి లెక్కల టీచరు ఇచ్చిన మార్కులు కదా మరి.

పొద్దు వాలకముందే ట్యాంకు దిగింది. మేస్త్రి ఆ జానెడు ముక్క కోసి తెచ్చి వెలుతురులో పట్టుకున్నాడు. గోరు తగిలితే బిస్కెట్టులా రాలుతోంది. మామూలుగా తొక్కినప్పుడు ఆ తుప్పు పెచ్చే చిల్లుకి మూతలా ఉండి ఆపింది. ప్రాణభయంతో గట్టిగా తొక్కిన రోజున ఊడిపోయేది. ఆయన దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ రోజు కూడా నీ కాలు చెప్పింది" అన్నాడు చివరికి.

"చెప్పింది. నేనే దిగిపోయాను."

"నువ్వు దిగలేదు. నేను దింపాను."

ఇరవై రెండేళ్ళలో ఆయన నోటి నుంచి అలాంటి మాట ఆవిడ వినలేదు. ఆవిడ లేచి, కొత్త పైపు కోయడానికి రంపం వెతుక్కుంది.

మర్నాడు మేడం సెలవు పెట్టి మరీ వచ్చి కూర్చుంది. ఈసారి పైపుని ట్యాంకు మీదుగా పోనివ్వకుండా, వంగి చూస్తే కనిపించేలా పక్కనుంచి తిప్పారు. ఆ దారి చెప్పింది పెడలమ్మే, మరలో గట్టిగా కూర్చునేందుకు పైపు కొసలు విప్పారేలా కొట్టి తయారుచేసిందీ ఆవిడే. ఇక గాలి తీయడం మిగిలింది. ఆవిడ అలవాటు ప్రకారం తలుపు తీసి సీటెక్కబోయింది.

"ఆగు" అన్నాడు మేస్త్రి. కొత్త అట్టముక్క ఒకటి తెచ్చి, చేత్తో సాపు చేసి, బండి కింద పరిచాడు. ఆయన పడుకునేది చిరిగిపోయిన పాత అట్ట మీద. "నువ్వు కిందికెళ్ళు. పైన నేను కూర్చుంటా."

"నేనా?"

"ఎక్కడ చెమరుస్తుందో నీకే ముందు తెలుస్తుంది" అని స్పానర్ ఆవిడ చేతిలో పెట్టి, తను ఎక్కి కూర్చున్నాడు.

"ఏం భోగం మేస్త్రీ నీది!" అని రోడ్డవతల నుంచి కేక వినిపించింది. మేస్త్రి మొహం ఈసారి ముడుచుకోలేదు.

ఆయన పాత చొక్కా పైన తొడుక్కుని పెడలమ్మ అట్ట మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. ఇన్నేళ్ళూ పైనుంచి కాలితో చూసిన బండిని మొదటిసారి కింద నుంచి కళ్ళతో చూసింది. కొత్త పైపు పొడవునా వేలితో తడిమి, చక్రం దగ్గర మరకి స్పానర్ తగిలించింది. తర్వాత కేకేసింది, వీధంతా వినిపించేలా.

"తొక్కండి!"

తొక్కాడు. ఆవిడ మర విప్పింది, బుడగలు వచ్చాయి, బిగించింది. "వదలండి!" ఒక్కో చక్రమే అయింది. నాలుగోదాని దగ్గర బుడగ ఒక్కటి కూడా రాలేదు.

"పట్టండి!"

మొదటి మర మీద వేలు పెట్టింది. పైనుంచి చిన్న గొణుగుడు వినిపించింది. పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది. ఆయనకి పదమూడో ఎక్కం రాదు. పదో ఎక్కం దాటి ఎప్పుడూ నేర్చుకోలేదని ఆయనే చెప్పేవాడు. ఇరవై రెండేళ్ళు బండి కింద పడుకుని, తను విననట్టే ఉంటూ, ఒక్క ముక్క పోకుండా విన్నాడన్నమాట. పదమూడు ఏడులు తొంభై ఒకటి, అన్నాడు. ఎక్కడా తడబడలేదు. కళ్ళు తుడుచుకుందామంటే ఆవిడకి చేతినిండా ఆయిలు.

పదమూడు పదులు నూట ముప్పై. మేస్త్రి ఆగాడు. కిటికీలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"దిగనా?"

పెడలమ్మ ప్రతి మరా తడిమి చూసేసింది. ఒక్క చోట కూడా చెమ్మ లేదు. ఆ సంగతి ఆయనతో అప్పుడే చెప్పలేదు.

"ఉండండి" అంది. "ఇంకోసారి చదవండి."