బస్సుకు రైట్ చెప్పింది నేనే

ఓడ దిగి గంట కాకముందే ఎన్ని జంటలకు ఫోటోలు తీశానో నాకే లెక్క లేదు. "అక్కా, జర ఒక్కటి తియ్యవా, ఓడ మొత్తం పడాలె" అని ఒకరు ఫోన్ చేతిలో పెడితే, వాళ్ల వెనకే ఇంకొకరు. ఓడ మొత్తం పడాలంటే నేను రేవు చివరిదాకా వెనక్కి నడవాలి. నడిచాను. మొగుడి పక్కన నిలబడడానికి సిగ్గుపడే ఆడవాళ్లను కసిరి మరీ దగ్గరికి జరిపాను. పాతికేళ్లకు పైగా "లోపలికి జరుగుండ్రి" అని జనాన్ని అదిలించిన నోరు ఊరికే ఉండదు కదా. ఆ ఫోటోల్లో ఒక్కదానిలోనూ నేను లేను. తీసే మనిషి ఎలా ఉంటుంది?

నేను బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. మాది నల్గొండ దగ్గర పల్లె. డిగ్రీ చదివాను, పెళ్లయింది, ఆ పెళ్లి నిలవలేదు. ఉద్యోగం వచ్చాక ఎల్బీ నగర్‌లో కిరాయికి దిగాను. ఇళ్లు మారాను గానీ కాలనీ మారలేదు. పిల్లలు లేరు. అమ్మ పోయాక ఊరితో సంబంధం పెళ్లిపత్రికల వరకే మిగిలింది. డ్యూటీ ఉన్నన్నాళ్లూ ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలియదు. పొద్దంతా జనంతో ఒరుసుకుని తిరిగే మనిషికి ఇంటికొచ్చాక ఎవరూ పలకరించకపోతేనే హాయి. రిటైరయ్యాక తెలిసింది, ఆ హాయి కూడా బస్సు పుణ్యమేనని.

కిందటేడు మా పై పోర్షన్‌లో ఉండే పెద్దాయన నిద్రలోనే పోయాడు. ఒంటిగా ఉండేవాడు. తలుపు ముందు పాల ప్యాకెట్లు పోగుపడుతుంటే ఊరికి పోయాడేమో అనుకున్నాం అందరం. చివరికి కిరాయి అడగడానికి వచ్చిన ఓనర్ తలుపు కొడితే గానీ సంగతి బయటపడలేదు. అప్పటి నుంచి నాకు ఒకటే భయం పట్టుకుంది. చావంటే కాదు. చావు ఎవరికి తప్పింది? నేను లేనన్న సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎన్నాళ్లకు తెలుస్తుంది అన్నదే నా భయం. పొద్దున పళ్లు తోముకుంటుంటే అదే ఆలోచన, రైతుబజార్‌లో టమాటాలు ఏరుతుంటే అదే ఆలోచన.

ఓడ ప్రయాణం నా బుద్ధిలో పుట్టింది కాదు. నాతోపాటు ఉద్యోగంలో చేరి నాతోపాటే రిటైరైన స్నేహితురాలు ఒకామె చంపాపేట్‌లో ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్రావెల్స్ వాళ్లు చెన్నై నుంచి శ్రీలంకకు ఓడలో తిప్పుకొస్తున్నారని ఆమే కబురు పట్టుకొచ్చింది. "జిందగీ అంతా మనం జనాన్ని తిప్పినం. ఇగ మనల్ని ఎవరన్న తిప్పనియ్" అని నా ప్రాణం తీసింది. తీరా బయలుదేరే ముందు ఆమె మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు ముహూర్తం కుదిరింది. "నువ్వు పోయి రా, ఫోటోలు పెట్టు" అని ఆగిపోయింది. అలా ఇద్దరు పడుకునే గదిలో నేనొక్కదాన్నే అయ్యాను. గది సర్దే పిల్ల రోజూ రెండో పక్క మీద కూడా దుప్పటి సరిచేసి, తువ్వాలును హంసలా మడిచి పెట్టి పోయేది. రెండో మనిషి రాలేదమ్మా అని చెబుదామనుకునేదాన్ని. చెప్పలేదు.

ఓడ ఆగిన ఊరు ట్రింకోమలీ. శ్రీలంక తూర్పు ఒడ్డున చిన్న రేవు. కొండ మీద శివాలయం, కింద చేపల వాసన, సైకిళ్లు, ఆటోలు. మన సరూర్‌నగర్‌లో బర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చినట్టు అక్కడ చుక్కల జింకలు అడ్డం వస్తాయి. ఎవరూ వాటిని పట్టించుకోరు. మా గైడ్ రేవులోనే అందరి ఫోన్లలో అక్కడి సిమ్‌లు వేయించి, గ్రూప్ ఒకటి పెట్టి, జెండా ఎత్తి పట్టుకుని చెప్పాడు. "సాయంత్రం అయిదుకల్లా ఓడలో ఉండాలి సార్. బస్సు కాదు, మన కోసం ఆగదు." ఆ మాటకు నాకు కొంచెం కోపం వచ్చింది. బస్సు మాత్రం అందరి కోసం ఆగుతుందా?

గుడి మెట్ల దగ్గర ఇంకో జంట ఫోన్ చాపింది. తీసిచ్చాను. తర్వాత చెప్పులు విప్పుతున్నట్టు వంగి, గుంపు పైకి ఎక్కుతుంటే నేను కిందికి దిగాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఊరు చూడాలన్న సరదాతో పోలేదు. నేను లేనని వీళ్లలో ఒక్కరికైనా తెలుస్తుందా చూద్దామని పోయాను. ఇంత వయసొచ్చి ఇలాంటి పరీక్షలు పెట్టడం పిచ్చితనమని తెలుసు. అయినా పెట్టాను. ఫోన్ సంచిలో వేయకుండా చేతిలోనే పట్టుకున్నాను.

కొత్త ఊళ్లో నా కాళ్లు నన్ను ఎక్కడికి తీసుకుపోతాయి? బస్టాండుకే. ఎర్ర బస్సు ఒకటి కదలడానికి సిద్ధంగా ఉంది. బోర్డు చదవడం రాలేదు. ఎక్కేశాను. కిటికీ దగ్గర ఒక ముసలమ్మ, కాళ్ల దగ్గర మునగకాయల సంచి. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. కుర్ర కండక్టర్ వచ్చాడు. నోట్లు పొడవుగా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకున్నాడు. మేము అలా పెట్టుకుంటే చెకింగ్ వాళ్లు ఊరుకునేవారు కాదు. ఎక్కడికని అడిగి ఉంటాడు. నేను ముసలమ్మను చూపించి, ఈమె ఎక్కడ దిగితే అక్కడికే అని సైగ చేశాను. ముసలమ్మ నోరంతా తెరిచి నవ్వింది. రేవులో మార్చుకున్న నోట్లు చాపితే తనకు కావలసింది తీసుకుని, టికెట్ చింపి ఇచ్చాడు. నా జీవితంలో టికెట్లు చింపి ఇవ్వడమే గానీ ఇలా తీరిగ్గా కూర్చుని తీసుకున్నవి తక్కువ.

బస్సు సముద్రం పక్కనుంచే పోయింది. ముసలమ్మ తమిళంలో ఏదో చెబుతోంది, నేను తెలుగులో ఏదో చెబుతున్నాను, ఇద్దరం ఒకరికొకరం తల ఊపుకుంటున్నాం. మా కాలనీలో భాష తెలిసినవాళ్లతో నేను అంత మాట్లాడి చాలా కాలమైంది. ఊరు దాటాక రోడ్డు పక్కన చిన్న వినాయకుడి గుడి వచ్చింది. డ్రైవర్ బస్సు ఆపి దిగి దండం పెట్టుకున్నాడు. అక్కడ అది రివాజు లాగుంది, సగం బస్సు దిగింది. నేనూ దిగి, గుడి వెనక నల్లా దగ్గర మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని వచ్చాను.

అందరూ వెనక తలుపులోంచి ఒక్కొక్కరుగా ఎక్కుతున్నారు. నేను తలుపు పక్కన, బస్సు రేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానంటే ఏం చెప్పను? మిర్యాలగూడ బస్సు నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆగినప్పుడల్లా అలాగే నిలబడేదాన్ని. అందరూ ఎక్కారు. చివరికి చంటిపిల్లను ఎత్తుకున్న ఒకాయన ఎక్కాడు. ఇంక ఎవరూ లేరు. నా చెయ్యి రేకు మీద డబడబా రెండు దెబ్బలు వేసింది. "రైట్!" అని నోరు కూడా అనేసింది.

బస్సు కదిలింది.

ఆ రెండు దెబ్బలు ఏ దేశపు డ్రైవర్‌కైనా అర్థమవుతాయని అప్పుడే తెలిసింది. మేము రైట్ చెప్పాకే ఎక్కుతాం. కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీదికి ఒక్క ఉరుకు, అంతే. చేతికి అలవాటు పోలేదు గానీ మోకాళ్లకు ఎప్పుడో పోయింది. నేను కాలెత్తేలోపు బస్సు నాకు అందనంత దూరం పోయింది.

మొదట నవ్వొచ్చింది. ఉద్యోగంలో ఒక్క ప్యాసింజర్‌ను కూడా వదిలేసి పోలేదని డిపోలో గొప్పలు చెప్పుకునేదాన్ని. చివరికి నన్ను నేనే వదిలేసి బస్సును పంపించాను. ఎవరి మీద కేకలు వేయను? దుమ్ము సద్దుమణిగాక భయం మొదలైంది. ఏ ఊరో తెలియదు, భాష రాదు, ఓడ ఆగదు. అంతలో చేతిలో ఫోన్ టింగుమంది. గైడ్ వెతుకుతున్నాడనుకుని గబగబా చూశాను. గ్రూప్‌లో ఫోటోలు వచ్చాయి. పొద్దున రేవులో నేను తీసినవే. ఒకదాని కింద ఒకటి చప్పట్ల బొమ్మలు. నేను గుంపులోంచి తప్పుకుని అంతసేపైనా, అంతమందిలో ఒక్కరూ ఎక్కడున్నావని అడగలేదు. పరీక్ష ఫలితం వచ్చేసింది. ఆ రోడ్డు పక్కన నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఏడుస్తూనే చూశాను. దూరంగా మలుపులో ఎర్ర బస్సు ఆగి ఉంది.

నమ్మబుద్ధి కాలేదు. కండక్టర్ తలుపు పట్టుకుని వేలాడుతూ "వాంగ! వాంగ!" అని రమ్మన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. కిటికీలోంచి ముసలమ్మ సగం మనిషి బయటికి వచ్చి, అతని కంటే పెద్దగా అరుస్తోంది. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. నా సీట్లో మునగకాయల సంచి ఉంది. ఎవరూ కూర్చోకుండా పెట్టింది. సంచి తీసి తన ఒళ్లో వేసుకుని, నేను కూర్చున్నానో లేదో, తిట్లు అందుకుంది.

ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా అర్థమైంది. దిగితే చెప్పి దిగొద్దా, ఇంతమంది నీ కోసం కూర్చోవాల్నా, కళ్లు నెత్తి మీద ఉన్నయా... ఇవే మాటలు నేను ఎంతమందిని అన్నానో. హోటల్ దగ్గర ఆగిన బస్సు కదిలే ముందు మేము తలలు లెక్కపెట్టం. తల లెక్క తప్పుతుంది. "పక్క సీటోళ్లు వచ్చిండ్రా చూసుకోండ్రి" అని ఒక్క కేక వేస్తాం. చుట్టమే కానక్కరలేదు, గంట కింద భుజం తగిలిన మనిషైనా చాలు. "ఈడ ఒకామె రాలేదు" అని పలుకుతారు. ఆ మాట నమ్ముకునే నేను అన్నేళ్లు బస్సు నడిపించాను. నాకు మాత్రం ఆ మాట ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. కండక్టర్‌ది ఒంటి సీటు, పక్కన ఎవరుంటారు? ముసలమ్మ తిడుతుంటే కడుపు నిండినట్టయింది. నా కళ్లనీళ్లు చూసి ఆమె గతుక్కుమని తిట్లు ఆపింది. ఆపకపోతే బాగుండుననిపించింది.

తన ఊరు రాగానే దిగుతూ, కండక్టర్‌కు నన్ను వేలితో చూపించి గట్టిగా ఏదో చెప్పింది. అప్పగింత అన్నమాట. అదే బస్సు ఊరి చివర తిరుక్కుని మళ్లీ రేవుకు వచ్చింది. ఆ కుర్రాడు ఇంకెక్కడా నన్ను సీట్లోంచి లేవనివ్వలేదు.

ఓడ మెట్ల దగ్గర ఓడవాళ్లిచ్చిన కార్డు పెడితే మెషిన్ కుయ్యిమంది. లోపలికి వెళ్లగానే మా గుంపులో ఒకామె ఎదురైంది. "ఎటు పోయినవ్ అక్కా? గుడి మీద మా ఇద్దరి ఫోటో తీసెటోళ్లే లేకుండె" అంది. గైడ్‌ను అడిగితే లెక్క సరిపోయిందన్నాడు. ఎలా సరిపోయిందో అతనికే తెలియాలి. రాత్రి అన్నం దగ్గర పెద్ద బల్లల మీద ఎవరి జంట వాళ్లు కూర్చున్నారు. నేను కిటికీ పక్క చిన్న బల్ల చూసుకున్నాను. ఊరు దీపాలు చిన్నవయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. అంత దిగులుగా ఎప్పుడూ తినలేదు.

ఎల్బీ నగర్‌లో ఇంటికి చేరేసరికి పొద్దున తొమ్మిది దాటింది. మా ఎదురు పోర్షన్‌లో రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒకామె ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురి కోచింగ్ కోసం భర్తను ఊళ్లో ఉంచి ఇక్కడ కాపురం పెట్టింది. మా తలుపులు ఎదురెదురు. ఏడాది దాటినా పరిచయం "బాగున్నారా" దగ్గరే ఆగింది. నేను నా తాళం తీసి, బ్యాగు లోపల పడేసి, బీరువాలోని రెండో తాళం చెవి పట్టుకుని ఆమె తలుపు కొట్టాను.

"ఊరికి పోయొచ్చిన. ఇప్పుడే దిగిన" అన్నాను.

"అయ్యో, ఎప్పుడు వెళ్లారండీ?" అంది.

గుచ్చుకుంది. ఆమె తప్పేమీ లేదు, నేను చెప్పి పోతేగా. అయినా గుచ్చుకుంది. మామూలుగా అయితే ఏదో ఒకటి విసిరి వెనక్కి తిరిగేదాన్ని. ఈసారి తిరగలేదు. తాళం చెవి చాపాను.

"ఇది నీ దగ్గర పెట్టుకో అమ్మా. పొద్దుగాల నా తలుపు తెరుచుకోకుంటే ఒకపారి కొట్టు. పలకకుంటే దీంతోని తియ్యి."

ఆమె చెయ్యి చాపలేదు. నా మొహంలోకి, తాళం చెవి వైపు మార్చి మార్చి చూసింది. "అవేం మాటలు ఆంటీ? చుట్టాలో పక్కాలో, ఎవరో ఒకరు ఉంటారు కదండీ మీకు?"

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మస్తు మంది ఉన్నరు అని నవ్వేసేదాన్ని.

"ఎవ్వరు లేరమ్మా" అన్నాను. "ఉంటే నిన్నెందుకు అడుగుత?"

ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని, తాళం చెవి తీసుకుంది.