బుజ్జోడి పసుపు చొక్కా

బుజ్జోడా, ఇవాళ నీ పసుపు చొక్కా మళ్లీ గ్రౌండుకెళ్లింది రా.

మన ఇంటెనక గ్రౌండులో ఆడపిల్లలకి వాలీబాల్ పోటీలు పెట్టారు. నువ్వు ఆడినట్టే వెనకాల ఉండి, కింద పడబోయే బంతులు లేపే లిబెరో ఎవరంటే, మన వీధి మెకానిక్ కూతురు షబానా. లిబెరో చొక్కా మిగతావాళ్ల రంగులో ఉండకూడదు కదా, ఆ పిల్ల మర్చిపోయి అందరిలాగా నీలంది వేసుకొచ్చింది. రంగు మారిస్తేనే ఆడనిస్తానన్నాడు రెఫరీ. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

నేను ఇంటికి ఉరికి, నువ్వు పోయినకాడి నుంచి తియ్యని పెట్టె తీసి నీ చొక్కా తెచ్చా. పక్కింటి సుబ్బమ్మత్త అడ్డం పడింది.

"ఏందే, పోయినోడి చొక్కా పసిపిల్లకి తొడుగుతావా?"

నా చెయ్యి ఆగిపోయింది. షబానానే లాక్కుంది.

"అన్న చొక్కా పెద్దమ్మా, నాకేం భయం!"

నీలం చొక్కా మీదనే తొడుక్కుంది. మోకాళ్ల దాకా వచ్చింది.

చివరి పాయింటుకి అవతలి జట్టు పిడుగురాళ్ల పిల్లలు కొట్టిన బంతి నేలకి జానెడు ఎత్తులో ఉండగా, పడి మరీ లేపింది. మనోళ్లు దాన్ని అవతల దించి గెలిచారు. అందరికంటే గట్టిగా అరిచింది ఎవరనుకున్నావ్? సుబ్బమ్మత్తే!

చొక్కా నిండా మట్టి. ఉతికి తెచ్చిస్తానంది షబానా. నీ దగ్గరే ఉంచుకో, మళ్లీ ఆడాలిగా అన్నా.

మంచి పనే చేశానా, మా బుజ్జోడెటూ చెప్పలేడు, ఇది చదివినోళ్లు మీరే చెప్పండి. చానా రోజులకి ఇవాళ ఆకలేసి అన్నం తిన్నా. మీరూ కడుపు నిండా తినండి.