ఖాజాగూడ గుండు మీద అడిగిన మాట

పదిహేనేళ్లుగా భూములు కొలిచే పనిలో ఉన్నాను. ఇంట్లో ఎవరైనా దయ్యాల మాటెత్తితే ముందు నవ్వేది నేనే. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా కూడా ఉంది.

పోయిన వేసవిలో ఖాజాగూడ గుట్టల పక్కన ఒక స్థలం కొలుస్తున్నాం. ఉదయం పదకొండయింది. నేను గుండు అని పిలిచే పెద్ద బండరాయి మీద సర్వే యంత్రం దగ్గరున్నాను. నాతో పనిచేసే యాదగిరి కింద చెరువు గట్టున కొలత కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అతనికి పది అడుగుల దూరంలో మందపాటి ఖాకీ దుస్తుల్లో ఒకాయన ముఖం కడుక్కోవడం యంత్రంలోంచి చూశాను. ఇంత ఎండలో ఆ బట్టలేమిటా అనుకున్నాను, అంతే.

వెనక నుంచి పెట్రోలు వాసన వచ్చింది. తిరిగి చూస్తే ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు రాయికి ఆనుకుని కూర్చున్నాడు. అవే ఖాకీ దుస్తులు. పక్కన తోలు టోపీ. ఎడమ చెయ్యి కదలకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా సారు కనిపించారా అండీ?" అన్నాడు.

ఏదో షూటింగ్ అనుకున్నాను. "కింద చెరువు దగ్గరున్నారు. ముఖం కడుక్కుంటున్నారు" అన్నాను.

అతను కళ్లు మూసుకున్నాడు. "అప్పుడు నడుపుతున్నది నేనేనండీ" అన్నాడు మెల్లగా.

నీళ్లిద్దామని సంచిలోంచి సీసా తీసి తిరిగాను. లేడు. దిగడానికి ఉన్న ఒక్క దారి నా పక్క నుంచే.

కిందికి పరుగెత్తి యాదగిరిని అడిగాను.

"గట్టు మీద నేనొక్కణ్నే ఉన్న సార్. ఎవ్వరు రాలే" అన్నాడు.

ఊళ్లో టీ అమ్మే లక్ష్మమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆమె గిన్నె కింద మంట తగ్గించింది.

"ఎనకట తెల్లోల్ల లడాయి దినాలల్ల, విమానం నడుపుడు నేర్చుకుంటుంటే ఆ గుండు మీదనే పడ్డదంట బిడ్డా. మా అత్త చూసింది. నేర్పే సారు అక్కడికక్కడనే పోయిండు. పిలగాడు జరసేపు బతికిండంట. మా సారేడి, మా సారేడి అని ఒక్కటే అడుగుడు. సారు పోయిండని ఎవ్వరికి చెప్ప బుద్ధి కాలే."

ఆరా తీశాను. ఆ రోజు అక్కడ షూటింగ్ ఏదీ లేదు. ఎండదెబ్బ అంటాడు యాదగిరి. కావచ్చు. కానీ ఆ కథ అంతకుముందు నేను వినలేదు. పైగా కుర్రాడు అడగకముందే నాకు కనిపించింది ఆ సారే.

ఆ కుర్రాడికి నేను చెప్పింది నిజమో అబద్ధమో ఇప్పటికీ నాకు తెలియడం లేదు.