ఉస్తాద్ నమ్మిన కాంటా

సోమవారం పొద్దున ఆర్మూర్ బస్టాండులో భీమ్‌గల్ బస్సు కోసం నిలబడి ఉంటే, పసుపు యార్డు హమాలీ ఒకాయన నా భుజం తట్టాడు. "ఉస్తాద్ పోయిండు భై. మాపటికి శవం తీస్తరట, రా," అన్నాడు. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

మా అందరికీ ఆయన ఉస్తాదే. పగలంతా యార్డులో పసుపు బస్తాలు మోసి, సాయంత్రం తాలీంలో మాకు కసరత్తు నేర్పేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. ఎవడైనా అద్దం ముందు ఛాతీ పొంగిస్తే, "అద్దం నీ దోస్తురా, నీకు నచ్చిందే చెప్తది. కాంటా ఎక్కు," అనేవాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎంత అరుచుకున్నా చివరికి కాంటాయే తేల్చాలి. అది యార్డు చదువు. ఆయనకు వేరే చదువు లేదు.

తొంభైల మొదట్లో మా బావ దుబాయి నుంచి అమైనో యాసిడ్ గోలీల డబ్బా తెచ్చాడు. దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ. తాలీమంతా ఎగబడింది. ఉస్తాద్ మాత్రం, "జర ఆగుండ్రి. కాంటా పెట్టి చూద్దాం," అన్నాడు. ఒకే బరువున్న ఇద్దరిని ఎంచాడు. నాకు గోలీలు, నా దోస్తుకు ఏమీ లేదు. కసరత్తు ఇద్దరికీ ఒకటే. ఇంట్లో తిండి మార్చొద్దని గట్టిగా చెప్పాడు.

నేను మార్చాను. బావ తెచ్చిన వస్తువు ఓడిపోతే నాకు తల కొట్టేసినట్టవుతుందనిపించింది. ఎవరికీ తెలియకుండా రోజూ నాలుగు గుడ్లు తిన్నాను, సేరు పాలు తాగాను. రెండు నెలలకు నేను పెరిగాను, దోస్తు అట్లాగే ఉన్నాడు. ఉస్తాద్ కాంటా ముల్లు వంక చాలాసేపు చూసి, "నాదే తప్పురా. గీ గోలీలల్ల దమ్ముంది," అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం అంత సులువా అని ఆశ్చర్యపోయాను. నేర్చుకోలేదు, సిగ్గులేని వాణ్ణి.

తర్వాత డిగ్రీలో చదివాను. గుడ్డూ పప్పూ ఒంట్లో అరిగితే అయ్యేవి ఆ అమైనో ఆమ్లాలే. కడుపునిండా మంచి తిండి తినేవాడికి గోలీలు ఇంకేదో ఇస్తాయనడానికి గట్టి రుజువు లేదు. ఇద్దరిని తూచి తేల్చే సంగతే కాదది. ఇన్ని తెలిసీ నోరు విప్పలేదు.

నిరుడు ఉస్తాద్‌కు టీబీ వచ్చింది. దవాఖానలో మందులతో పాటు గుడ్లూ పాలూ తీసుకోమన్నారు. చూడటానికి వెళ్తే, మంచం పక్కన అదే రకం డబ్బా. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంది. "గుడ్డు పెడితే పక్కకు నూకుతుండు బిడ్డా. గోలీలల్లనే అన్నీ ఉన్నయంటడు."

ఉస్తాద్ నవ్వాడు. "నిన్ను చూసే గదరా నమ్మిన."

మంచంకోడు పట్టుకుని అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"గప్పుడే చెప్తే తినేటోణ్ణి గదరా," అన్నాడు. "ఇప్పుడు మింగుడు పడ్తలేదు."

ఆయన్ని నేనే చంపానని ఎవరూ అనరు. టీబీ అంటారు. నాకు మాత్రం ఆ మాట చాలదు.

సాయంత్రం నలుగురు హమాలీలు పాడె ఎత్తారు. తమ ఉస్తాద్ బరువు వాళ్ళ భుజాలకు తెలుసు కాబట్టి, ఊపిరి బిగబట్టి బలంగా లేపారు. పాడె ఒక్కసారిగా తలల పైదాకా లేచిపోయింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లగా భుజాల మీదికి దించుకున్నారు.